మేతగట్టు మీదికి పరాయి జడ్జీలు

హింటర్‌ఫ్లూ, వాగుకి ఇవతలి ఒడ్డు
14 ఫిబ్రవరి 1993

చిరంజీవి తమ్ముడు యోస్ట్‌కి, అక్క అగాథా దీవించి రాసేది ఏమనగా—

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నీ కుశలం నా కిటికీలోంచి కనబడుతూనే ఉంది. పొద్దున్నే పేడతట్ట మోస్తున్నావు, అదీ నడుముకి పట్టీ లేకుండా. నా కుశలం మాత్రం నీ చేతిలో చిక్కుకుని ఉంది కనక ఆ మాట రాయడానికి కలం ఆడలేదు.

మనిద్దరి ఇళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క వాగు. నేను పెరట్లో నిలబడి గొంతెత్తితే నీ కుక్క చెవులు నిక్కిస్తుంది. అయినా ఈ ఉత్తరం పోస్టు బస్సెక్కి లోయలోకి దిగి, ముద్ర వేయించుకుని, మళ్ళీ కొండెక్కి నీ గుమ్మంలో పడాలి. ఎందుకంటే నువ్వు మేతభూముల సంఘానికి అధ్యక్షుడివి. నేను ఆ సంఘం మీద దావా వేసినదాన్ని. దావా నడిచినంతకాలం ఎదుటి పక్షంతో నోటిమాట కూడదని మీ కట్టుబాటు. మొన్న ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చున్నావు. నాకు దగ్గొస్తే మందుబిళ్ళ నా వైపు తోశావు గానీ పెదవి విప్పలేదు. బిళ్ళ బాగానే పనిచేసింది.

సంగతి నీకు తెలిసిందే అయినా ఒకసారి కాగితం మీద పెట్టుకోమంది మా వకీలమ్మ ఉర్సీనా. నేను ఈ ఊళ్ళో పుట్టాను. మన నాన్న ఆవులు, తాత ఆవులు, ఆ పైవాళ్ళ ఆవులు వేసవంతా కొండమీది ఉమ్మడి మేతలోనే మేశాయి. నేను కనుమ అవతలి గ్లారుస్ మనిషిని, మా ఫ్రీడోలిన్‌ని, పెళ్ళాడినందుకు నా పుట్టుహక్కు పోయిందంటారు. నువ్వూ కనుమ అవతలి పిల్లనే చేసుకున్నావు. నీ హక్కు పోలేదు సరికదా, ఆవిడకి కూడా వచ్చింది. మా ఆయన బతికుండగా పరాయివాడి కింద కౌలు కట్టించుకుని మేపుకోనిచ్చారు. ఆ మేతలో రాళ్ళన్నీ ఏరి గోడ కట్టింది ఆయనే. ఆయన పోయాక, నా రెండావులు ఫ్లోరానీ బ్లూమానీ ఇక పైకి తోలరాదని కాగితం వచ్చింది. దాని కింద నీ సంతకం ఉంది. నీ పేరు మొదటి అక్షరానికి తోక ఎలా తిప్పుతావో నాకు తెలుసు, నేర్పింది నేనే.

ఎండుగడ్డి కొని రెండావుల్ని వేసవి దాటించే తాహతు నాకు లేదు. జూన్‌లో పైకి తోలకపోతే అమ్ముకోవాలి. అవి పోతే ఈ ఇంట్లో నేను తెల్లారి లేవడం దేనికి? ఎవరి కోసం పొయ్యి రాజెయ్యాలి? చీజు ఎవరి పాలతో చెయ్యాలి?

జిల్లా కోర్టు నువ్వే గెలిచావంది. దాని పైనున్న మన కాంటన్, అంటే మన రాష్ట్రం, కోర్టూ అదే పాట పాడింది. ఇప్పుడు లోజాన్‌లో దేశానికంతకీ పెద్దదైన కోర్టు ఒక్కటే మిగిలింది. దాని పైన దేవుడే అనుకున్నాను. కాదట, మధ్యలో ఇంకెవరో ఉన్నారట. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను, తలుచుకుంటేనే భయంగా ఉంది.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని మేతగట్టు ఎక్కిన అక్క
అగాథా

తా.క. నడుముకి పట్టీ కట్టుకో. నేను గెలవాలనే ఉంది గానీ, నువ్వు మంచాన పడగా గెలవాలని లేదు.


హింటర్‌ఫ్లూ ఉమ్మడి మేతభూముల సంఘం
అధ్యక్షుల వారి నుంచి
20 ఫిబ్రవరి 1993

శ్రీమతి అగాథా జ్వైఫెల్ గారికి,

తమరి ఉత్తరం అందినది. సంఘం తరఫున జవాబు ఏమనగా, కట్టుబాటు మేము కల్పించినది కాదు, మాకు సంక్రమించినది. కొండమీద గడ్డి పెరగదు, హక్కుదార్లే పెరుగుతారు. బయటి ఊళ్ళవారిని చేసుకున్న ఆడపడుచులందరూ, వారి పిల్లలూ, పిల్లల పిల్లలూ ఆవుల్ని తోలుకొచ్చిన పక్షంలో జూలై నాటికే కొండ క్షవరం చేసిన తలలా ఉంటుంది. ఆపై ఎవరి ఆవుకీ మేత ఉండదు, తమరి ఆవులతో సహా. పూర్వులు ఇది ఆలోచించే గీత గీశారు.

భవదీయుడు,
యోస్ట్ ప్లాంజర్, అధ్యక్షుడు

తా.క. (ఇది అధ్యక్షుడు రాయడం లేదు, యోస్ట్ రాస్తున్నాడు.) పట్టీ కట్టుకున్నాను. ఆ "మధ్యలో ఇంకెవరో" ఎవరు? సగం చెప్పి ఊరుకుంటే ఎలా? నీ ఆదుర్దా నాకు అంటించి, నువ్వు హాయిగా దుప్పటి కప్పుకుంటావు. చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు.


హింటర్‌ఫ్లూ
9 మార్చి 1993

యోస్ట్‌కి, అక్క రాసేది—

హాయిగా దుప్పటి కప్పుకున్నానంటావా? ఈ పదిరోజుల్లో నేను కన్ను మూస్తే ఒట్టు. విను.

వకీలమ్మ జ్యూరిక్ నుంచి వచ్చింది. మంచి పిల్ల. కాకపోతే వంటింట్లోకి బూట్లతో వచ్చేస్తుంది. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాం.

"అమ్మా, స్ట్రాస్‌బూర్గ్‌లో ఒక కోర్టుంది. ఐరోపా దేశాలన్నీ కలిసి పెట్టుకున్నది. మనుషుల హక్కుల కోసం. మన దేశమూ అందులో సంతకం పెట్టింది. ఆడదని వేరుగా చూడకూడదని వాళ్ళ తీర్పులున్నాయి. అవి తీసుకెళ్ళి లోజాన్ జడ్జీల ముందు పెడతాను" అంది.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "అంటే పరాయి జడ్జీలా?"

"పరాయి ఏముందమ్మా! మనవాడు కూడా ఒకడున్నాడు అక్కడ."

"ఒకడు సరే. మిగతావాళ్ళు?"

"మిగతా దేశాలవాళ్ళు."

"మరి అదే కదమ్మా నేనంటున్నది!"

ఒరే, నా పరిస్థితి ఆలోచించు. మొన్న డిసెంబరులో, ఐరోపా దేశాలతో కలవాలా వద్దా అని దేశమంతా ఓటేసినప్పుడు, 'పరాయి జడ్జీలు మాకొద్దు' అని బోర్డు నువ్వే తెచ్చి నా వసారాకి మేకులు కొట్టావు. నేను నిచ్చెన పట్టుకున్నాను. నిష్ఠగా అలాగే ఓటేశాను. ఆ బోర్డు ఇంకా వేలాడుతోంది. దాని కిందే కూర్చుని పరాయి జడ్జీల కాగితాల మీద సంతకం పెట్టాను. ముందు పాదిరిగారు చూస్తారేమోనని భయం వేసింది, తర్వాత దేవుడు చూస్తాడేమోనని.

ఇంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. మన దగ్గర గట్టురాయి జానెడు జరిగిందన్నా జడ్జీ బూట్లేసుకుని కొండెక్కి, రాయి తడిమి చూసి, గడ్డి తొక్కి చూసి, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. చూడకుండా చెప్పింది తీర్పే కాదు. మరి స్ట్రాస్‌బూర్గ్ వాళ్ళు మాత్రం చూడకుండా చెబుతారా? రావలసిందే కదా! ఎంతమందొస్తారో, ఏం తింటారో, వాళ్ళలో తురకలూ ఉంటారట. నా పొగబెట్టిన పంది సాసేజి వాళ్ళ ముందు పెట్టి ఇంకో దావా తెచ్చుకుంటానేమో. వకీలమ్మని అడుగుదామంటే, నిజంగానే వస్తారంటుందేమోనని నోరు రాలేదు. సత్రంలో గదులు చాలవు. నీ ఇంట్లో మేడమీద మంచాలున్నాయి. ఎదుటి పక్షమైనా అతిథి అతిథే. ఆలోచించు.

నాకు చదువు లేదు గానీ ఒకటి అనిపించింది. మన తక్కెడ మీద అనుమానం వచ్చినప్పుడు పక్కింటి తక్కెడలో ఓసారి తూచి చూసుకుంటాం. అంత మాత్రాన చీజు పక్కింటిదైపోతుందా?

ఇట్లు,
కంటికి కునుకు లేని అక్క
అగాథా

తా.క. నీ దొడ్లో కొత్త దూడ ముచ్చటగా ఉంది. దాని తండ్రి అమెరికాలో ఉంటాడనీ, వాడి విత్తనం మంచుగడ్డలాంటి సీసాలో విమానమెక్కి వచ్చిందనీ పశువుల డాక్టరు చెప్పాడు. దూడకి పరాయి తండ్రి పనికొస్తాడు, తీర్పుకి పరాయి మాట పనికిరాదా? ఊరికే అడుగుతున్నాను.


హింటర్‌ఫ్లూ ఉమ్మడి మేతభూముల సంఘం
22 మార్చి 1993

శ్రీమతి అగాథా జ్వైఫెల్ గారికి,

తమరు విదేశీ న్యాయమూర్తులను ఊరిలోనికి రప్పించుచున్నట్లు తెలిసి, సంఘం అత్యవసర సభ జరిపినది. సభలో మాటలు పెరిగినవి, ఒక కుర్చీ విరిగినది. తీర్మానం: సదరు న్యాయమూర్తులకు ఈ ఊరిలో మంచం గానీ, సూపు గానీ, దారి చూపుట గానీ కూడదు. మేత కంచె తలుపునకు రెండవ తాళం వేయడమైనది.

తమరి తక్కెడ ఉపమానం సభలో చదివితిమి. జవాబు: పక్కింటి తక్కెడ ఇవాళ తూకం చెబుతుంది, రేపు ధర చెబుతుంది, ఎల్లుండి నీ పాలు నువ్వు అమ్మకూడదంటుంది. మన జడ్జీ తప్పు చేస్తే మనం ఓటేసి చట్టం మార్చుకోగలం. స్ట్రాస్‌బూర్గ్ వాడు తప్పు చేస్తే ఎవరి చొక్కా పట్టుకోవాలి? మన వాన ఎలా కురుస్తుందో తెలియనివాడు మన గడ్డిని పంచరాదు.

భవదీయుడు,
యోస్ట్ ప్లాంజర్, అధ్యక్షుడు

తా.క. (యోస్ట్.) దూడ సంగతి సభలో చదవలేదు. చదివితే ఇంకో కుర్చీ విరిగేది. అక్కా, నిజంగానే వస్తున్నారా వాళ్ళు? ఎంతమంది? మేడమీద ఉన్నవి మూడు మంచాలే.

ఇంకొకటి. ఆ బోర్డు పారెయ్యలేక తిరగేసి తగిలించావు. వెనకవైపు కోళ్ళ దాణా ప్రకటన ఉంది, చూసుకున్నావా? కింది ఊరివాళ్ళు ఇద్దరు నన్నాపి, మీ అక్క దాణా కొట్టు పెట్టిందటగా, బస్తా ఎంత అని అడిగారు.


హింటర్‌ఫ్లూ
11 మే 1993

యోస్ట్‌కి—

దీవెనలూ అవీ తర్వాత. వాళ్ళొచ్చేశారు!

నువ్వు సంతకి వెళ్ళిన పొద్దున్న పాలు పిండుతుంటే కనబడ్డారు. ఒక మగాయన, ఒక ఆడావిడ. మోకాళ్ళ దాకా నల్లటి అంగీలు. మన ఊరిని చూడలేదు, కొండని చూడలేదు, తిన్నగా మేత కంచె దగ్గరికి నడిచారు. తాళం చూసి ఆయన తల అడ్డంగా ఆడించాడు. ఆవిడ పుస్తకం తీసి రాసుకుంది. తర్వాత ఇద్దరూ కంచె వారనే నేలమీద మోకాళ్ళూని, గుండ్రటి భూతద్దం పెట్టి గడ్డిని చూడడం మొదలుపెట్టారు. గడ్డినిరా! ఒక్కొక్క పరకా! మన జడ్జీలెప్పుడైనా అంత శ్రద్ధగా చూశారా?

వకీలమ్మకి ఫోను చేద్దామంటే సత్రం దాకా వెళ్ళాలి, ఈలోగా వీళ్ళు వెళ్ళిపోతే? చేతులు కడుక్కుని, కొత్త తలగుడ్డ కట్టుకుని వెళ్ళాను. నమస్కారం చెప్పాను. ఏదో భాషలో వాళ్ళూ చెప్పారు. ఇక ఆగలేదు నేను. తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఫ్రీడోలిన్ రాళ్ళు ఏరిన గోడ చూపించి, నువ్వు పంపిన కాగితం చూపించి, ఫ్లోరాని తాడు పట్టుకుని తీసుకొచ్చి వాళ్ళ ముందు నిలబెట్టాను. దాని చెవి వెనక పుట్టుమచ్చ కూడా చూపించాను, దేనికో నాకే తెలీదు.

"నా పుట్టుక మారలేదు దొరా, పెళ్ళొక్కటే జరిగింది" అన్నాను.

ఆయన తల ఊపాడు. ప్రతి మాటకీ ఊపాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది, కళ్ళు తడిగా ఉన్నాయి. ఒరే యోస్ట్, ఇన్నేళ్ళలో నా మాట చివరి దాకా విన్న జడ్జీలు వీళ్ళే. పరాయివాళ్ళు వినగలిగింది మనవాళ్ళు ఎందుకు వినలేదు?

ఇంతలో మీ కమిటీ పెద్దమనుషులు కొండ దిగుతూ నన్ను చూశారు. వాళ్ళ మొహాలు పాలు విరిగినట్టయ్యాయి. పరిగెత్తుకుంటూ వచ్చి, వంగి వంగి దండాలు పెట్టి, ఆ ఇద్దర్నీ చెరో పక్కా పట్టుకుని సంఘం హాలుకి లాక్కుపోయారు. ఏం చేశారు వాళ్ళని? సూపు కూడా కూడదన్నారుగా, ఆకలితో పంపించేశారా? ఎముకలు కొరికే చలి. వాళ్ళకేమైనా అయితే పాపం నాకే చుట్టుకుంటుంది.

ఇట్లు,
అక్క అగాథా

తా.క. ఆవిడ వెళ్తూ వెళ్తూ మా గుమ్మం పక్క నీలిపువ్వు ఒకటి కోసి పుస్తకంలో పెట్టుకుంది. అది సాక్ష్యం కింద జమ కడతారా?


హింటర్‌ఫ్లూ
15 మే 1993

అక్కా,

సంఘం కాగితం మీద రాయడం లేదు. ఈ సంగతి సంఘం కాగితం మీద రాస్తే దస్తరంలో శాశ్వతంగా ఉండిపోతుంది.

ఆకలితో పంపలేదు. ఆ రోజు నేను సంత నుంచి వచ్చేసరికి హాల్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. బల్లమీద పొగబెట్టిన మాంసం, రెండేళ్ళు మాగిన చీజు, చెర్రీ సారా. బ్యాండువాళ్ళు యూనిఫాంలో ఉన్నారు. మన కోశాధికారి వాళ్ళ పళ్ళేల్లో మాంసం వడ్డిస్తూ, "అధ్యక్షా, మీ అక్క ముందే వాళ్ళని పట్టేసింది, ఇప్పుడు మర్యాద తగ్గితే కొంప మునుగుతుంది" అని నా చెవిలో ఊదాడు. సంఘం పుట్టినప్పటి తోలుపత్రం గాజుపెట్టెలోంచి తీశాం. పెళ్ళిళ్ళకి కూడా తియ్యం దాన్ని. నేను గంటసేపు మాట్లాడాను. గడ్డి గురించి, పూర్వుల గురించి. ఆయన నాకూ తల ఊపాడు, ప్రతి మాటకీ.

తర్వాత బడిపంతులు వచ్చాడు. వాడికి ఫ్రెంచి వచ్చు. ఆ ఇద్దర్నీ ఏదో అడిగాడు. వాళ్ళు చెప్పింది విని, నా వైపు జాలిగా తిరిగాడు.

"మామా, వీళ్ళది బెల్జియం. కొండపూల మీద పుస్తకం రాస్తున్నారట. ఈ ఊళ్ళో పూలు కోస్తేనే ఇంత విందు ఎందుకు చేస్తున్నారు, ఇవాళ పండగేమిటి అని అడుగుతున్నారు."

బ్యాండువాడు మధ్యలో ఆపాడు. అంతే, ఇంకేం రాయను.

ఊరు నవ్వుకుంటోంది గానీ నాకు నవ్వు రావడం లేదు. కమిటీ నా మీద మండిపడుతోంది. లోజాన్‌లో మన దావా మే 26న. ఆవుల్ని పైకి తోలేది జూన్ 5న. ఓడిపోతే నన్ను దింపేస్తామంటున్నారు. గెలిస్తే నిన్ను... ఏం రాయాలో తెలియడం లేదు. పశువుల బేరగాడు నీ ఇంటి వైపు వెళ్ళడం నిన్న చూశాను. అమ్మకు. ఇంకా అమ్మకు.

యోస్ట్

తా.క. నువ్వు చెప్పింది వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను చెప్పిందీ కాలేదు. ఆ మాట వినగానే నాకు మొదట తోచింది ఏమిటో తెలుసా? మనిద్దరం ఒకే పడవలో ఉన్నామని.


హింటర్‌ఫ్లూ
29 మే 1993

తమ్ముడు యోస్ట్‌కి, అక్క అగాథా అనేక దీవెనలతో—

తీర్పు కాగితం చేతికి వచ్చేదాకా దావా ముగిసినట్టు కాదని రైల్లో పెదవుల మీద వేలు పెట్టి చూపించావు. సరే, ఇంకోసారి పోస్టు బస్సుకి పని పెడుతున్నాను. నువ్వు సగంలో లేచి వెళ్ళిపోయావు కనక మిగతా సగం నేను చెప్పాలి.

నాకు అప్పటిదాకా తెలీదు, జడ్జీలు మన ముందే పోట్లాడుకుంటారని! లోపల తలుపు వేసుకుని మాట్లాడుకుని, బయటికొచ్చి చెబుతారనుకున్నాను. అక్కడేమో అయిదుగురూ బల్ల చుట్టూ కూర్చుని, వచ్చినవాళ్ళంతా వింటుండగా, నా బతుకు మీద వాదించుకున్నారు. నన్నొక్క మాట అడగలేదు. నోరు విప్పకూడదని వకీలమ్మ ముందే నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కిపెట్టింది. నువ్వు అవతలి బెంచీ మీద టోపీ నలిపేస్తున్నావు.

మొదటి జడ్జీ అన్నది నువ్వూ విన్నావు. స్ట్రాస్‌బూర్గ్ కాగితాలు పక్కన పెట్టండి, మన ఇంటి సంగతి మనం చూసుకుందాం అన్నాడు. నీ మొహం వెలిగింది, నా ప్రాణం జారిపోయింది. రెండో ఆయన ఇంకా గట్టిగా, "ఊరి గడ్డి ఊరి ఇష్టం. పక్కదేశం ఏమనుకుంటుందో చూసి తీర్పు చెప్పేట్టయితే మనం ఇక్కడ కూర్చోవడం దేనికి?" అన్నాడు. వకీలమ్మ చెయ్యి నా మోకాలి మీద చల్లబడింది. నాకు ఫ్లోరా మెడ తాడు బేరగాడి చేతిలో కనిపించింది, ఒట్టు, కళ్ళకి కట్టినట్టు. అప్పుడు మూడో జడ్జీ ఫ్రెంచిలో అందుకున్నాడు. అప్పుడే కదా నువ్వు విసురుగా లేచి వెళ్ళిపోయింది? పాపం, ఆయన పరాయివాడు కాడురా. మన దేశం జడ్జీయే, మన చట్టం గురించే మాట్లాడుతున్నాడు. మనకి అర్థం కాకపోవడం మన తప్పు.

వకీలమ్మ నా చెవిలో చెబుతూ వచ్చింది. "చదవడం వేరు, లొంగడం వేరు అంటున్నాడు. నేను పక్కింటివాడి సలహా వింటాను, కాని ఇంటి తాళం నా జేబులోనే ఉంటుంది అంటున్నాడు." నాలుగో ఆయన బల్ల మీద కొట్టాడు. "ఇవాళ వింటాం, రేపు మొక్కుతాం!" అచ్చం నీ గొంతే.

ఇద్దరు నీ వైపు తేలిపోయారు. మూడో ఆయన ఒక్కడు నా వైపు. మొదటాయన ఎటో ఇంకా చెప్పలేదు. చివర ఒక ఆడ జడ్జీ మిగిలింది. కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉంది. ఆ కళ్ళజోడు అరిగిపోతుందేమో అనుకున్నాను. అప్పుడు మొదటి ఆయన్ని అడిగింది, "మీరు మన ఇంటి సంగతి చూద్దామన్నారు కదా, చూశారా?"

ఆయన చూశాడట. మన రాజ్యాంగంలోనే ఉందట! ఆడా మగా సమానమని పన్నెండేళ్ళ కిందట మన దేశమే ఓటేసి రాసుకుందట. "మన అల్మరాలోనే ఉంది, స్ట్రాస్‌బూర్గ్ దాకా దేనికి? ఈవిడ గెలవాలి" అన్నాడు. నేను వకీలమ్మ చెయ్యి పట్టుకున్నాను.

ఆడ జడ్జీ, "నిజమే, అల్మరాలోనే ఉంది. కాని పన్నెండేళ్ళుగా తెరవలేదే? పక్కింట్లో ఉతికి ఆరేసిన దుప్పటి చూశాకే కదా మనకి మన దుప్పటి గుర్తొచ్చింది?" అంది. ఫ్రెంచి జడ్జీ నవ్వాడు, బల్ల గుద్దినాయన నవ్వలేదు. చెయ్యెత్తారు. ముగ్గురు నా వైపు.

అంటే ఏమిటో తెలిసిందా? మన దేశం జడ్జీలు, మన దేశం చట్టంతోనే గెలిపించారు నన్ను. స్ట్రాస్‌బూర్గ్ పేరు తీర్పులో ఒక మూల ఉంటుందట, అంతే. నేను బయటికొచ్చి నీ కోసం వెతికితే మెట్ల మీద కూర్చుని ఉన్నావు. నీ మొహం చూసి నాకు గెలిచినట్టే అనిపించలేదు.

ఇప్పుడు కొత్త బెంగ. నా ఒక్కదానితో ఆగుతుందా? బయట పెళ్ళిళ్ళు చేసుకున్న ఆడపడుచులంతా రేపు ఆవుల్ని తోలుకొస్తే నువ్వన్నట్టే గడ్డి చాలదేమో. అందరూ కూర్చుని ఒక్కొక్కరికీ ఇన్ని ఆవులని కట్టుబాటు కొత్తగా రాసుకోవచ్చు కదా? ఆడవాళ్ళని పోగొట్టి గడ్డి మిగుల్చుకునే బదులు, ఆవుల్ని తగ్గించుకోవచ్చు కదా? నాకు ఒక్క ఆవైనా చాలు. కమిటీకి చెప్పు. నిన్ను దింపొద్దని కూడా చెప్పు.

ఇట్లు,
గెలిచినా నిద్ర పట్టని అక్క
అగాథా

తా.క. రైల్లో నీ పక్క సీటు మీద రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు పెట్టి నేను వేరే పెట్టెలోకి వెళ్ళాను. తిన్నావా, లేక ఎదుటి పక్షం గుడ్లు తినరాదని కూడా కట్టుబాటు ఉందా?


హింటర్‌ఫ్లూ ఉమ్మడి మేతభూముల సంఘం
3 జూన్ 1993

శ్రీమతి అగాథా జ్వైఫెల్ గారికి,

సంఘం సర్వసభ్య సభ తీర్మానాలు తమరికి తెలియజేయడమైనది.

లోజాన్ కోర్టు వారి తీర్పును సంఘం శిరసావహించినది. శనివారం ఉదయం తమరి రెండు ఆవులను మందతో పాటు పైకి తోలుకొనవచ్చును. ఆవుల సంఖ్యపై కొత్త కట్టుబాటు రాయుటకు తమరి సూచన స్వీకరించడమైనది. ఆ సూచన ఎవరిదో సభలో చెప్పలేదు, చెప్పినచో నెగ్గేది కాదు.

అయినప్పటికీ, మన జడ్జీలు మన గోడు వినలేదు గనుక, పరాయి జడ్జీల జోక్యాన్ని తరతరాలుగా వ్యతిరేకించుచున్న ఈ సంఘం, ఈ అన్యాయం మీద స్ట్రాస్‌బూర్గ్ కోర్టుకు వెళ్ళవలెనని ఏకగ్రీవంగా తీర్మానించినది. కుర్చీలేవీ విరగలేదు.

భవదీయుడు,
యోస్ట్ ప్లాంజర్, అధ్యక్షుడు (ఇంకా దింపలేదు)

తా.క. (యోస్ట్.) గుడ్లు తిన్నాను. ఉప్పు తక్కువైంది.

అక్కా, నవ్వకు. ఒక చిక్కు వచ్చిపడింది. మన సంఘం సర్కారు కిందికి లెక్కట, అందుకని స్ట్రాస్‌బూర్గ్‌కి సంఘం పేరున వెళ్ళకూడదట. నష్టపోయిన మనిషి ఎవరో ఒకరు తన సొంత పేరున వెళ్ళాలట. అందరూ నా వైపు చూశారు. సరేనని కలం తీసుకున్నాను. పేరు రాశాను, ఊరు రాశాను. 'మీకు జరిగిన నష్టం ఏమిటి?' అన్న చోట ఆగిపోయాను. కమిటీ అంతా కూర్చుని పొయ్యి చల్లారేదాకా ఆలోచించాం. గడ్డి తగ్గిందని రాద్దామంటే, రెండావులు ఎంత తింటాయని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. పరువు పోయిందని రాద్దామంటే, అది బెల్జియం వాళ్ళతోనే పోయింది కదా అన్నాడు పంతులు. బాధ కలిగిందని రాద్దామంటే, అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కోశాధికారి సారా సీసా రెండోది తెరిచాడు, అప్పటికీ ఏమీ తోచలేదు.

ఎంత మంచి జరిగినా అందులో కీడు వెతికి పట్టుకోవడం ఈ కొండల్లో నీకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు. కాబట్టి అక్కా, నువ్వు గెలవడం వల్ల నాకు జరిగిన అన్యాయం ఏమిటో కాస్త ఆలోచించి, తిరుగు టపాలో రాసి పంపు. నువ్వు రాసింది రాసినట్టే దించి సంతకం పెడతాను.